ఎద్దుబండ్ల దారిలో రేసు సైకిలు

(హైదరాబాద్‌లో సైకిలు తొక్కేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం, కొద్ది సవరణలతో.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ పొద్దున్నే రైడ్‌కి వెళ్లొచ్చిన కాళ్లతో వచ్చి కూర్చున్నారు. మధ్యలో ఎవరికైనా కునుకు పట్టినా నేనేమీ అనుకోను. (నవ్వులు)

ఇటలీలో సైకిలు అనగానే మనవాళ్లు ముందు అడిగేది ఆల్ప్స్‌లోని స్తెల్వియో కనుమ గురించి. 2,757 మీటర్ల ఎత్తు, ఒక పక్క నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, పైన మంచు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. ఇవాళ మాత్రం దాని జోలికి పోను. వెయ్యి మీటర్లు కూడా దాటని కొండల గురించి చెబుతాను. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య ఉన్న కియాంతి, సియెనా దిగువన క్రేతే సెనేసీ, ఇంకా దక్షిణానికి పోతే వాల్ దోర్చా. మూడూ ఇటలీ మధ్యలో ఉన్న టస్కనీ ప్రాంతంలోవే. మ్యాపులో చూస్తే "ఇదేం కొండలండీ" అనిపిస్తుంది. తొక్కితే తల ప్రాణం తోకకొస్తుంది.

ఎందుకంటే స్తెల్వియో రోడ్డును ఒక ఇంజినీరు గీశాడు. 1820ల్లో ఆస్ట్రియా ప్రభుత్వం కార్లో దొనెగాని అనే ఆయనతో వేయించింది. సైన్యం నడవాలి, బళ్లు ఎక్కాలి కాబట్టి వాలు మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకేలా ఉండేట్టు మలుపులు వేశాడు. మనం ఒక గేరులో పడి, ఒక లయ పట్టుకొని రెండు గంటలు అలా ఎక్కుతూ పోవచ్చు. టస్కనీ రోడ్లకు అలాంటి ఇంజినీరు ఎవరూ లేరు. అవి సైకిలు కోసం వేసినవి కావు, కారు కోసమూ కాదు. ఎద్దుబండి, గాడిద, పొలానికి నడిచిపోయే మనిషి, వీళ్ల రాకపోకలకు పడిన దారులవి. బండి ఎక్కగలిగితే చాలు, ఎంత నిటారుగా ఉన్నా నేరుగా పైకి లాగేశారు. ఈ సంగతి తెలిసినవాడికి ఆ కొండల్లో ఏ మలుపు దగ్గర ఏం ఎదురవుతుందో చాలావరకు ముందే తెలుస్తుంది. అందుకే రోడ్ల కథ ముందు చెప్పి, గేర్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ బీఆర్‌ఎంలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరం రైడ్‌లు, చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, చేతులెత్తండి... చూశారా, సగం హాలు. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు అని మనం తొక్కే ఈ వ్యవహారానికి మూలం ఇటలీలోనే ఉంది. 1897లో కొంతమంది ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్‌కి, సుమారు 230 కిలోమీటర్లు, పగటి వెలుతురు ఉండగానే చేరాలని బయల్దేరారు. గేర్లు లేని సైకిళ్లు, దుమ్ము రోడ్లు. వాళ్ల తెగువ చూసి జనం 'ఆడాక్స్' అన్నారు, లాటిన్‌లో తెగువ గలవాడని అర్థం. ఆ ఆలోచన ఫ్రాన్స్‌కి పోయి, అక్కడ నియమాలు చేర్చుకొని, తిరిగి తిరిగి మన దాకా వచ్చింది.

సరే, రోడ్ల దగ్గరికొద్దాం. టస్కనీలో ఊళ్లు చాలావరకు కొండ మీదే ఉంటాయి. రద్దా, కస్తెల్లీనా, మొంతల్చీనో, మొంతెపుల్చానో, సియెనా కూడా. మన దగ్గర ఊరు చెరువు పక్కనో ఏటి పక్కనో వెలుస్తుంది, అక్కడ వాళ్లు నీళ్లకు దూరంగా పారిపోయినట్టుంటారు. నిజంగా పారిపోయారు కూడా. ఒకటి శత్రువుల భయం. ఫ్లోరెన్స్, సియెనా వందల ఏళ్లు కొట్టుకున్నాయి, మధ్యలో ఉన్న కియాంతి పల్లెలు నలిగిపోయాయి. రెండోది మలేరియా. ఆ కాలంలో పల్లపు నేలలు బురదగుంటలు. వాల్ ది కియానా అనే లోయలో చిత్తడి పోగొట్టి సాగులోకి తేవడానికి తరాలు పట్టింది. దోమకు దొరకకుండా, సైన్యానికి దొరకకుండా జనం శిఖరం మీద గోడ కట్టుకొని కూర్చున్నారు.

మనకు దీని వల్ల ఏమైందంటే, ఒక ఊరి నుంచి పక్క ఊరికి పోవాలంటే దిగాలి, వాగు దాటాలి, మళ్లీ ఎక్కాలి. కాఫీ తాగే చోటు పైన, నీళ్ల కుళాయి పైన, రొట్టె అమ్మే కొట్టు పైన. ఎక్కకుండా ఏదీ దొరకదు. క్రేతే సెనేసీలో మాత్రం కొన్ని దారులు కొండ వీపు మీదే సాగుతాయి. కింద బంకమట్టి నేల, వానొస్తే రోడ్డే జారిపోతుంది, అందుకని పైపైనే పోయాయి. అటూ ఇటూ చూపు ఆనినంత దూరం కనిపిస్తుంది, ఎదురుగాలి కూడా అంతే దూరం నుంచి తగులుతుంది.

ఈ దారుల మీద ఒక కథ చెబుతారు, అది చెప్పకపోతే కియాంతి గురించి చెప్పినట్టు కాదు. ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు తగాదా తీర్చుకోవడానికి ఒక ఒప్పందానికి వచ్చాయట. కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ ఒక్కొక్క రౌతు బయల్దేరాలి. ఎక్కడ ఎదురుపడితే అదే సరిహద్దు. సియెనావాళ్లు తెల్లకోడిని తెచ్చి కడుపునిండా మేపారు. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్లకోడిని గంపకింద పెట్టి ఆకలికి మాడ్చారు. ఆకలి కోడి తెల్లవారకముందే కూసేసింది. తిన్న కోడి హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్స్ రౌతు ఫొంతెరుతోలీ అనే పల్లె దాకా వచ్చేశాక గానీ సియెనా రౌతు ఎదురుపడలేదు. సియెనాకి అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. కియాంతి అంతా ఫ్లోరెన్స్‌ది అయిపోయింది. ఇవాళ్టికీ కియాంతి క్లాసికో వైన్ సీసా మెడ మీద ఆ నల్లకోడి బొమ్మే ఉంటుంది. కథ నిజమో కాదో గానీ ఫ్లోరెన్స్ నుంచి సియెనా దాకా, గ్రేవే, పంజానో, కస్తెల్లీనా మీదుగా పోయే 222 నంబరు రోడ్డు ఇప్పటికీ ఫొంతెరుతోలీ మీదుగానే పోతుంది. సుమారు 70 కిలోమీటర్లు, మొత్తం తారు రోడ్డు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మంచి దారి. వారాంతాల్లో మాత్రం మోటారు సైకిళ్ల గోల భరించలేం, మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్లండి. పొద్దున్నే బయల్దేరినవాడికే లాభమని కోడి కూడా చెప్పింది కదా. (నవ్వులు)

ఇక తెల్ల రోడ్ల సంగతి. ఇటాలియన్‌లో స్త్రాదే బియాంకే. తారు లేకుండా తెల్లటి కంకర, సున్నపు మట్టి పరిచిన దారులు. ప్రపంచమంతా పల్లెదారులకు తారు వేసుకుంటూ పోతుంటే, ఫ్యాక్టరీలు, హైవేలు, ఫ్యాషన్ అన్నీ ఉన్న ఇటలీ నడిబొడ్డున ఇన్ని మట్టిరోడ్లు ఎలా మిగిలాయి? అందం కోసం ఉంచారనుకుంటే పొరపాటు. జనం వెళ్లిపోయారు కాబట్టి మిగిలాయి.

అక్కడి వ్యవసాయం వందల ఏళ్లు 'మెజ్జద్రియా' పద్ధతిలో నడిచింది. భూమి దొరది, కష్టం రైతుది, పంట చెరి సగం. మన భాషలో పాలుకు చేయడమే. ఒక్కొక్క కుటుంబానికి ఒక ఇల్లు, ఇంటి చుట్టూ ఆ కుటుంబం సాగు చేసే చెక్క. కింద పశువుల కొట్టం, పైన మనుషులు. ఒకే నేలలో ద్రాక్ష, ఆలివ్, గోధుమ అన్నీ. అలాంటి ఇళ్లు ఊళ్లో ఉండవు, ఎవరి కొండ మీద వాళ్లవి. ప్రతి ఇంటి నుంచి దొర గాదెకు, చర్చికి, పిండిమరకు ఒక దారి పడింది. మనం తొక్కే తెల్ల రోడ్లు అవే. పక్కనున్న మట్టి, రాయి తీసి పరిచారు. ఏటా వానలకు కొట్టుకుపోతే మళ్లీ పరిచారు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పరిస్థితి మారింది. పట్నంలో ఫ్యాక్టరీ జీతం నెలనెలా చేతికొస్తోంది, ఇక్కడ పంటలో సగం దొరకే పోతోంది. 1950లు, 60ల్లో కుటుంబాలకు కుటుంబాలే తాళం వేసి వెళ్లిపోయాయి. కొత్తగా మెజ్జద్రియా ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం వచ్చింది. అప్పటికే కొండల మీద ఖాళీ ఇళ్లు. నడిచేవాళ్లే లేని దారికి తారు వేసేదెవరు? అలా ఆగిపోయాయి. తర్వాత ఆ ఇళ్లను ఇంగ్లీషువాళ్లు, జర్మన్లు కొని, పశువుల కొట్టాలను పడగ్గదులు చేసి, ముందు ఈతకొలను తవ్వుకున్నారు. ఇంగ్లీషువాళ్లు ఎంతమంది దిగారంటే ఆ ప్రాంతానికి 'కియాంతీషైర్' అని ఎగతాళి పేరు కూడా పడింది.

నేను ఉద్యోగరీత్యా కొన్నాళ్లు ఫ్లోరెన్స్‌లో ఉన్నప్పుడు ఈ దారుల్లో తిరిగాను. పాడుబడిన ఇంటి గోడకు ఎద్దుల్ని కట్టే ఇనప కడియాలు అలాగే ఉంటాయి. రొట్టె కాల్చుకునే గుండ్రటి బట్టీ బయటి నుంచే కనిపిస్తుంది. లోపల అత్తిచెట్టు మొలిచి పైకప్పులోంచి కొమ్మలు బయటికొచ్చి ఉంటాయి. ఇంటి ముందు దారి తెల్లగా, శుభ్రంగా, సైకిళ్ల చక్రాల గీతలతో. కాలెండర్లలో చూసే టస్కనీ అందమంతా అనాదిగా అలాగే ఉందనుకోకండి. వాల్ దోర్చాలో లా ఫోచే అనే ఎస్టేటు దగ్గర సైప్రస్ చెట్ల వరసతో మెలికలు తిరుగుతూ కొండెక్కే దారి ఒకటుంది, మీలో చాలామంది కంప్యూటర్ల మీద వాల్‌పేపర్‌గా ఉండే ఉంటుంది. చూస్తే మధ్యయుగంలోది అనిపిస్తుంది. ఒరీగో అనే దంపతులు 1924లో ఆ ఎస్టేటు కొన్న తర్వాత వేయించిన దారి అది.

ఇప్పుడు అసలు మనిషి వస్తాడు. జాన్‌కార్లో బ్రోచ్చీ. గయోలే ఇన్ కియాంతి అనే చిన్న ఊరి వైపు మనిషి, పాత తరం సైకిలు వీరులంటే ప్రాణం. మిగిలిన తెల్ల రోడ్లకు కూడా ఇవాళో రేపో తారు పడిపోతుందని ఆయన దిగులు. దారిని కాపాడాలంటే దాని మీద జనం నడవాలి. 1997లో పాత సైకిళ్లతో ఒక రైడ్ పెట్టాడు, పేరు ఎరోయికా. 92 మంది వచ్చారు. ఇప్పుడు ఏటా అక్టోబరు మొదటి ఆదివారం వేల మంది వస్తారు, చోటు దొరకడమే కష్టం.

నియమాలు వింటే మన కుర్రాళ్లకు నవ్వొస్తుంది. సైకిలు 1987 నాటిదో అంతకు ముందుదో కావాలి. ఉక్కు ఫ్రేము. గేరు మీటలు హ్యాండిల్ మీద కాదు, ఫ్రేము కింది గొట్టం మీద. అంటే గేరు మార్చాలంటే ఒక చెయ్యి వదిలి కిందికి వంగాలి. బ్రేకు తీగలు హ్యాండిల్ లోపల దాక్కోకుండా బయట వంపు తిరిగి కనబడాలి. పెడల్‌కి ఇనప పంజరం, తోలు పట్టీ. ఒంటి మీద ఉన్ని జెర్సీ. మధ్యలో తిండికి ఆగితే ఎనర్జీ జెల్లులు ఉండవు. రొట్టె, మాంసం ముక్కలు, ద్రాక్షపళ్లు, 'రిబొల్లీతా' అని రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర వేసి ఉడికించిన చిక్కటి పులుసు, పక్కన ఎర్ర వైన్. వైన్ తాగి ఆ ఎత్తులు ఎక్కినవాళ్లను చూశాను, దిగేటప్పుడు మాత్రం వాళ్లకు దూరంగా ఉండటమే మంచిది.

పెద్ద దారి 209 కిలోమీటర్లు. మీకు రైడ్‌లో చోటు దొరకలేదని దిగులు అక్కర్లేదు. అదే దారి ఏడాది పొడవునా గోధుమరంగు బోర్డులతో ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా తొక్కొచ్చు. రెండు మూడు రోజులుగా విడగొట్టుకుంటే ఇంకా హాయి. గయోలేలో మొదలై బ్రోలియో కోటకు ఎక్కుతుంది. ఆ కోట రికాసోలి వంశానిది. ఇటలీకి రెండో ప్రధానమంత్రి అయిన బెత్తీనో రికాసోలి ఆ ఇంటివాడే, కియాంతి వైన్ ఎలా చేయాలో సూత్రం రాసిందీ ఆయనే. ఎరోయికా రోజున చీకట్లో, సైప్రస్ చెట్ల మధ్య తెల్ల దారికి అటూ ఇటూ దివ్వెలు పెడతారు. వందల సైకిళ్లు మాటా మంతీ లేకుండా ఎక్కుతుంటాయి, కంకర మీద టైర్ల చప్పుడు, పాత చైన్ల కీచు. అక్కడి నుంచి సియెనా వైపు దిగి, మొంతల్చీనో దాకా పోయి, క్రేతే మీదుగా అషానోకు, అక్కడి నుంచి మళ్లీ గయోలేకి. మొత్తం ఎత్తు కలిపితే 3,700 మీటర్ల పైమాటే. పటంలో ఏ ఒక్క కొండా పెద్దగా కనిపించదు గానీ, ఆ రోజు సాయంత్రానికి తిరుమల కొండ ఐదుసార్లు ఎక్కిన లెక్క.

లెక్క అన్నాను కాబట్టి కాస్త లెక్క చేద్దాం, రోడ్ల కథ నుంచి గేర్లకు వస్తున్నాం. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలనుకోండి. పది శాతం ఎత్తు, అంటే వంద మీటర్లు పోతే పది మీటర్లు పైకి. గంటకు ఎనిమిది కిలోమీటర్ల నడక లాంటి వేగంతో పోయినా 180 వాట్లకు పైగా కావాలి. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్ల గేరు ఉంటే ఆ వేగానికి కాళ్లు నిమిషానికి అరవైకి కాస్త పైన తిరుగుతాయి. పర్వాలేదు. ఎరోయికా పాత సైకిళ్లలో ముందు చిన్న పళ్లచక్రం 42, వెనక పెద్దది 26 అలా ఉంటుంది. అదే వేగానికి కాళ్లు నిమిషానికి నలభై కూడా తిరగవు. ప్రతి తొక్కుడుకూ మోకాలి మీద పడే బరువు ఎంతో ఊహించుకోండి. అది తారు మీద. కంకర మీద లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. కూర్చునే తొక్కాలి, ఒంటి బరువు వెనక చక్రం మీదే ఉండాలి. అందుకని ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది, గేర్ల దగ్గర పరువుకు పోవద్దు. వెనక 34 పెట్టించుకోండి. ఎవరూ చూడరు, చూసినా వాళ్లకూ అదే ఉంటుంది.

టైర్లు కూడా అంతే. మన ఓఆర్ఆర్ మీద 25 మిల్లీమీటర్ల టైర్లలో గాలి గట్టిగా కొట్టి పోతాం. అక్కడ 30, 32 పట్టే సైకిలైతే అవే వేయండి, గాలి తగ్గించండి. గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ వేగం పోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. దిగేటప్పుడు వేళ్లు బ్రేకుల మీద ఉండాలి గానీ నొక్కి పట్టుకోకూడదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. బళ్ల చక్రాలు పోయి పోయి గట్టిపడిన రెండు గాడులుంటాయి, వాటిలోనే పోవాలి. గాడుల మధ్య మెత్తటి కంకర కుప్ప ఉంటుంది, పొరపాటున అందులోకి పోతే చక్రం దాని ఇష్టం. ఇంకో చిన్న విషయం, అద్దె సైకిలు చేతికి రాగానే ఏ మీట ముందు బ్రేకో నొక్కి చూసుకోండి. మనకు కుడిచేతిది ముందు బ్రేకు. అక్కడ తిరగబడి ఉండొచ్చు. కంకర దిగుడులో తెలుసుకోవాల్సిన విషయం కాదది.

ఈ దారుల మీద ప్రొఫెషనల్ రేసు 2007లో మొదలైంది, అదే స్త్రాదే బియాంకే. వందేళ్లు దాటిన రేసులున్న దేశంలో ఇది నిన్నగాక మొన్నటి పిల్ల, అయినా ఇవాళ పెద్ద రేసుల పక్కన పేరు చెబుతారు. మొదటి ఏడాది అక్టోబరులో పెట్టి, 2008 నుంచి మార్చికి మార్చారు. మార్చిలో వానొస్తే బంకమట్టి ముఖాలకు పట్టి ఎవరు ఎవరో పోల్చుకోలేం. మహిళల రేసు 2015లో వచ్చింది. 2023లో ఆ రేసులో ఒక గుర్రం కట్టు తెంచుకొని వచ్చి దేమి వొల్లెరింగ్ అనే రైడర్ ముందు పరుగెత్తింది. అంతా గందరగోళం. అయినా ఆవిడే గెలిచింది, అదీ గీత మీద వెంట్రుకవాసిలో.

మోంతే సాంతే మరీయే అని అషానో పక్కన పదకొండున్నర కిలోమీటర్ల తెల్ల రోడ్డు ముక్క ఉంది. రేసు అక్కడే విరుగుతుంది. మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాంచెల్లారా పేరు దానికి పెట్టారు. 2024లో స్లొవేనియా రైడర్ తాదేయ్ పొగాచర్ అక్కడే అందర్నీ వదిలేసి, ఇంకా 81 కిలోమీటర్లుండగా ఒంటరిగా పోయి గెలిచాడు. మామూలు రోజున ఆ దారిలో మనిషి కనబడడు. ఒక కొండ ఎక్కుతాం, ఎదురుగా ఇంకో కొండ, దాని మీద ఒకే ఇల్లు, ఇంటి దాకా తెల్ల గీత. ఏప్రిల్‌లో గోధుమ చేలు పచ్చగా, జులైలో కోతలయ్యాక ఎండిపోయి, అక్టోబరులో దున్నిన బంకమట్టి బూడిదరంగులో. లక్షల ఏళ్ల కిందట అదంతా సముద్రం అడుగు, ఆ మట్టి సముద్రానిదే. చెట్టు నీడ ఉండదు. నీళ్లు రెండు సీసాలు నింపుకొనే దిగాలి.

రేసు ముగింపు సియెనాలో, పియాజ్జా దెల్ కాంపోలో. దానికి ముందు సాంతా కతెరీనా వీధి. ఊరి గోడ దాటగానే రాతి పలకల ఇరుకు సందు, 16 శాతం దాకా ఎత్తు. అక్కడికొచ్చేసరికి కాళ్లు చచ్చిపోయి ఉంటాయి. మీరు వెళ్తే జనం ఎక్కువుండే మధ్యాహ్నం వద్దు, పొద్దున్నే ఎక్కండి. ఎక్కాక సైకిలు బయట తాళం వేసి అదే చౌకులో ఉన్న పురపాలక భవనంలోకి వెళ్లండి. పై అంతస్తులో అంబ్రోజో లొరెంజెత్తి 1338, 39ల్లో వేసిన గోడ చిత్రం ఉంది. మంచి పాలన ఉంటే పల్లె ఎలా ఉంటుందో వేశాడు. మనం తొక్కొచ్చిన కొండలే. ద్రాక్షతోటలు, గోధుమ కోతలు, బరువులతో గాడిదలు, ఊళ్లోకి తోలుకొస్తున్న పంది, అదీ నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీ ఉన్న సియెనా జాతి పంది. అన్నిటి మధ్యా కొండలెక్కుతూ దిగుతూ దారి. దారి పైన గాల్లో ఒక దేవత, పేరు భద్రత. అందరూ నిర్భయంగా ప్రయాణం చేయొచ్చని ఒక చేతిలో రాసి పట్టుకుంది. రెండో చేతిలో ఉరికంబం, దానికి వేలాడుతున్న దొంగ. ట్రాఫిక్ పోలీసుల ఆఫీసుల్లో ఈ బొమ్మ పెట్టిస్తే బాగుండు. (నవ్వులు)

జీనో బార్తాలీ గురించి చెప్పకుండా ఫ్లోరెన్స్ దాటకూడదు. 1914లో ఊరి శివారులో పొంతె ఆ ఎమాలో పుట్టాడు. సైకిలు రేసు వీరుడు. ఇటలీ పెద్ద రేసు జీరో దితాలియా మూడుసార్లు గెలిచాడు, ఫ్రాన్స్ పెద్ద రేసు టూర్ ద ఫ్రాన్స్ 1938లో, మళ్లీ పదేళ్ల తర్వాత 1948లో. 1943లో జర్మన్లు ఇటలీని ఆక్రమించుకున్నప్పుడు, యూదులను దాచిపెడుతున్నవాళ్లకు సాయంగా ఫ్లోరెన్స్ నుంచి అస్సీసీకి దొంగ గుర్తింపు కాగితాలు సైకిలు ఫ్రేము గొట్టంలో చుట్టి తీసుకుపోయాడని చెబుతారు. సుమారు 170, 180 కిలోమీటర్లు. ఆపితే "ప్రాక్టీసు చేస్తున్నాను" అనేవాడట. అంత పేరున్న మనిషిని అనుమానించడం కష్టం. బతికినంత కాలం బయట చెప్పుకోలేదు. 2000లో పోయాడు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్, యూదుల ఊచకోత స్మారక సంస్థ, 2013లో ఆయన్ను గౌరవించింది. వివరాల మీద చరిత్రకారుల్లో వాదనలున్నాయి, అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పొంతె ఆ ఎమాలో ఆయన పేరుతో సైకిలు మ్యూజియం ఉంది, కియాంతికి పోయే దారిలోనే.

టస్కనీ బయట కూడా కొండలున్నాయి, గబగబా చెప్పేస్తాను. పియెమోంతేలో లాంగే, ద్రాక్షతోటల కొండలు, 2014లో యునెస్కో జాబితాకెక్కాయి. వెనెతోలో ప్రొసెక్కో కొండలు, 2019లో. తూర్పున మార్కే. అక్కడ నిటారు ఎక్కుడును 'మూరో' అంటారు, అంటే గోడ. పేరుకు తగ్గట్టే ఉంటాయి. 2013 తిర్రేనో-అద్రియాతికో రేసులో అలాంటి గోడ దగ్గర ప్రొఫెషనల్సే కొందరు దిగి నడిచారు. మనం దిగితే తప్పేం లేదు. కోమో సరస్సు పక్కన మదోన్నా దెల్ గిసాల్లో అనే మేరీమాత గుడి ఉంది, 754 మీటర్ల ఎత్తులో. 1949లో పోప్ ఆ మాతను సైక్లిస్టుల రక్షకురాలిగా ప్రకటించాడు. లోపల గోడల నిండా ఛాంపియన్ల జెర్సీలు, సైకిళ్లు. 1995 టూర్‌లో దిగుడులో పడి చనిపోయిన ఫాబియో కసార్తెల్లి సైకిలు, వంగిపోయిన ఫ్రేముతో అలాగే ఉంచారు. అక్కడ ఎవరూ ఫొటోలకు ఎగబడరు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, లేదా సెప్టెంబరులో వెళ్లండి. ఆగస్టులో మన మే నెల ఎండ గుర్తొస్తుంది, పైగా సగం కొట్లు సెలవుల్లో ఉంటాయి. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పల్లెల్లో కొట్లు మూసేస్తారు, నాలుగింటికి గానీ తీయరు. రొట్టె, జున్ను ముందే కొనుక్కోవాలి. నీళ్లకు ఊరి చౌకులో కుళాయి ఉంటుంది. 'నోన్ పొతాబిలే' అని రాసి ఉంటే తాగకండి. కుడిపక్క తొక్కాలి, రౌండబౌట్ మనకు ఎదురు దిశలో తిరగాలి, అలసిపోయినప్పుడే ఇది మర్చిపోతాం. ఊరు దాటాక పక్కపక్కన తొక్కడం చట్టరీత్యా నిషేధం, ఒకరి వెనక ఒకరే. రాత్రి ఊరి బయట, సొరంగాల్లో మెరిసే జాకెట్ తప్పనిసరి. కార్లు దాటేటప్పుడు వీలున్నచోట మీటరున్నర దూరం వదలాలని 2024 చివర్లో చట్టం మార్చారు. కాగితం మీద సరే, ఇరుకు రోడ్డులో వీలు ఎక్కడుంటుందో డ్రైవరే నిర్ణయిస్తాడు.

ప్రశ్నలుంటే అడగండి.

*(వెజిటేరియన్లకు తిండి ఎలా అని ఒకరు అడిగారు.)*

అస్సలు ఇబ్బంది లేదండీ. రిబొల్లీతాలో మామూలుగా మాంసం ఉండదు, అయినా ఒక మాట అడిగి తినండి. చిక్కుడు గింజలు, టమాటా రొట్టె పులుసు, పాస్తా. కారం మాత్రం మర్చిపోండి. పచ్చడి సీసా తీసుకెళ్లే అలవాటున్నవాళ్లు మూత గట్టిగా బిగించండి, శాడిల్ బ్యాగులో ఉన్నది కంకర కుదుపులకు ఊడిపోతుంది.

*(ఒక్కరోజే టైముంటే ఏ దారి అని ఇంకొకరు.)*

ఒక్కరోజంటే సియెనాలో దిగండి. తవెర్నే దార్బియా మీదుగా 438 నంబరు రోడ్డు పట్టుకొని అషానోకు పోండి, కొండ వీపు మీద తారు రోడ్డు, క్రేతే మొత్తం రెండు పక్కలా కనిపిస్తుంది. అషానోలో కాఫీ తాగి, సీసాలు నింపుకొని, మోంతే సాంతే మరీయే తెల్ల రోడ్డు ఎక్కండి. అది అయ్యాక కస్తెల్నువోవో బెరార్దెంగా, అక్కడి నుంచి సియెనా. అంతా కలిపి 70 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి కాంపోలో కూర్చుంటారు. అషానోకు వచ్చేసరికే కాళ్లు మొరాయిస్తే మొహమాటపడకండి. అక్కడ రైల్వే స్టేషను ఉంది, లోకల్ రైల్లో సైకిలుకి వేరే టికెట్టు తీసుకొని సియెనా వచ్చేయొచ్చు. రైళ్లు తక్కువ, టైము మాత్రం ముందే చూసుకోండి.